పేరు అడగని పెట్టె

జనం కష్టాలు వింటూ కూర్చుంటే సగం రోజు గడిచిపోతోందని కొండవాడ రాజు మల్లదేవుడికి ఒకనాడు విసుగొచ్చింది. కోట గుమ్మంలో ఒక చెక్కపెట్టె పెట్టించి, ఎవరికే కష్టమున్నా తాటాకు మీద రాసి అందులో వేయమని చాటింపు వేయించాడు.

వారానికే పెట్టె నిండిపోయింది. తెరిస్తే మూడొందల ఆకులు. అందులో రెండొందల తొంభై ఆకుల మీద ఒకటే మాట: "మహామంత్రి మార్తాండయ్యగారు దేవుడు." అసలు కష్టాలు ఆ పొగడ్తల కింద నలిగి ఉన్నాయి.

"ఈ చెత్త ఆపండి. లేదంటే పెట్టెను పొయ్యిలో పెట్టిస్తాను," అన్నాడు రాజు.

మార్తాండయ్య మీసం దువ్వుకున్నాడు. "చిన్న పని ప్రభూ. ఆకు వేసేవాడి పేరు, తండ్రి పేరు, వీధి, ఇల్లు, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా రాయిద్దాం. ఆ చిట్టా నా దగ్గర భద్రంగా ఉంటుంది."

రాజు సరేనన్నాడు. మర్నాడు కుమ్మరి సూరయ్య వచ్చి, పుట్టుమచ్చలన్నీ చూపించి, మంత్రిగారి మనుషులు చెరువు మట్టి ముట్టుకోనివ్వడం లేదని రాసి వేశాడు. తెల్లారేసరికి అతని సారె రెండు ముక్కలైంది. కుండలు చేసుకునే దారి లేక సూరయ్య తలపట్టుకున్నాడు. ఆ తరవాత పెట్టె వైపు ఒక్కరూ పోలేదు.

"చూశారా ప్రభూ, రాజ్యంలో కష్టాలే లేవు," అన్నాడు మార్తాండయ్య.

రాజుకు తాంబూలం చుట్టి ఇచ్చే లింగన్నకు ఒళ్ళు మండింది. "కష్టాలున్నాయి ప్రభూ, నోళ్ళే లేవు. పేరు అడక్కుండా పెట్టె నడిపిస్తాను, చెత్తా పడనివ్వను. పది రోజులివ్వండి. కుదరకపోతే నా కొలువు తీసేయండి."

"పేరు లేకుండా చెత్త ఎలా ఆపుతావు?" అని నవ్వాడు మంత్రి.

"గోరింటాకుతో."

లింగన్న పెట్టెను ఒక గదిలో పెట్టించి, నడుమ మందపాటి తెర కట్టించాడు. వచ్చేవాడు వెనక సందులోంచి వచ్చి, తెర కంతలోంచి చెయ్యి మాత్రం చాపాలి. ఇవతల అంకమ్మ అనే ముసలమ్మ ఒక గోటికి గోరింటాకు పెడుతుంది. అది పండేదాకా కూర్చుంటేనే పెట్టెలో ఒక తాటాకు వేయనిస్తుంది. గోటికి ఒక ఆకే. పది గోళ్ళూ పండాయా, గోళ్ళు పెరిగేదాకా మళ్ళీ రావడానికి లేదు.

ఊళ్ళో మగాళ్ళందరికీ గోళ్ళు ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. మంత్రి తన నౌకర్లు నలభై మందికీ పొగడ్త ఆకులిచ్చి పంపాడు. వాళ్ళ మీదా నమ్మకం చాలక, తొమ్మిదోనాడు ముసుగేసుకుని తనే వెళ్ళాడు. పది ఆకులు వేయడానికి రెండు చేతులూ తెరలో ఇరికించి పూటంతా కూర్చున్నాడు. ముక్కు మీద దోమ వాలినా తోలుకోలేకపోయాడు.

పదోనాడు నిండు కొలువులో పెట్టె తెరిచారు. మొదటి ఆకు చదివి రాజు ముసిముసిగా నవ్వాడు: "కొలువులో రాజుగారు కునుకు తీస్తుంటే మా గోడు వినేదెవరు?"

తరవాత మంత్రిని పొగిడే ఆకులు వచ్చాయి. మార్తాండయ్య మొహం వెలిగిపోయింది.

"వెనకవైపూ రాత కనిపిస్తోంది, ఆకు తిరగేయండి ప్రభూ," అన్నాడు లింగన్న.

నౌకర్లు ముందువైపు పొగడ్త ఉంచి, వెనకవైపు సొంత గోడు రాసుకున్నారు. ఒకటి ఇలా ఉంది: "సూరయ్య సారె విరగ్గొట్టమన్నది మా దొరే. విరిచింది నేను. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు."

"ఎవడు రాశాడది? పేరు చెప్పు," అని అరిచాడు మంత్రి.

"నేనడగలేదు, తెర చెప్పలేదు," అన్నాడు లింగన్న.

"అంతా అబద్ధం ప్రభూ. ఇవిగో, వెనక ఏమీ లేని ఆకులు పది ఉన్నాయి. ఎవరో నిజమైన భక్తుడు రాశాడు."

"అంత పేరు తెచ్చుకున్న మంత్రిగారికి తమ చేత్తో తాంబూలం ఇవ్వడం మర్యాద ప్రభూ," అంటూ లింగన్న పళ్ళెం అందించాడు.

రాజుగారి తాంబూలం రెండు చేతులా అందుకోవాలి. ఎండ మండిపోతున్నా పొద్దుటినుంచీ శాలువాలో చేతులు దాచుకున్న మార్తాండయ్య గత్యంతరం లేక చేతులు చాపాడు. పది గోళ్ళూ ఎర్రగా మెరిశాయి.

"నిజమైన భక్తుడు దొరికాడు ప్రభూ, పది వేళ్ళతో సహా," అన్నాడు లింగన్న.

కొలువంతా ఘొల్లుమంది.

"ఆ ఎరుపు పోయేదాకా సూరయ్య ఇంట మట్టి తొక్కు. కొత్త సారె నువ్వే మోసుకుపోయి ఇవ్వు," అని రాజు మంత్రికి శిక్ష వేశాడు. సారె విరిచినవాణ్ణి మాత్రం వెతకవద్దన్నాడు.

ఆ తాంబూలం లింగన్నకు ఇవ్వబోతూ రాజు ఆగిపోయాడు. లింగన్న చిటికెన గోరు ఎర్రగా ఉంది.

"ఏరా, నా కునుకు మీద రాసింది నువ్వేనా?"

"గోరు నాదే ప్రభూ. ఆకు ఎవరిదో పెట్టెకే తెలుసు."

రాజు కడుపుబ్బా నవ్వి, తన వేలి ఉంగరం తీసి ఆ ఎర్రగోటి వేలికే తొడిగాడు.