జుబేదా ఆపా వేసిన ముడి

నీరజ పొద్దుటి నుంచి ఆ పాత లాప్‌టాప్‌తో కుస్తీ పడుతోంది. దాని మెమరీ రెండు జీబీ. అంత తక్కువలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలన్నది సమస్య. అందరూ వాడేది వేస్తే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఉచితంగా దొరికే లైనక్స్ సిస్టమ్‌లో తేలిక రకాలు చాలా ఉన్నాయి. వాటిని పెన్‌డ్రైవుల నుంచి నడిపి చూస్తోంది. తను మనసుపడ్డది చూడముచ్చటగా ఉంది గానీ, వీడియో పెట్టగానే ఆయాసపడుతోంది. మిగతావి ఆమె కంటికి ఆనలేదు.

లాప్‌టాప్ దానమ్మది. ఆసుపత్రిలో ఆయా. పెళ్లి కోసం మాన్పించిన పదో తరగతిని ఇన్నేళ్లకు దూరవిద్యలో కడుతోంది. సోమవారం నుంచి ఆన్‌లైన్ పాఠాలు. ఇంట్లో ఉన్న మంచి ఫోను మొగుడి జేబు దాటి రాదు. కొడుకు కొత్తది కొనుక్కుని దీన్ని తల్లి చేతిలో పెట్టాడు. బాగుపడకపోతే పాతసామాన్లవాడికి వేసేస్తానని కూడా చెప్పాడు. మన ఇళ్లలో వస్తువులు ఆడవాళ్ల దాకా వచ్చేసరికి వాటికీ మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి.

కర్నూలులో ఆడవాళ్లకు కంప్యూటర్ రిపేరు నేర్పే జుబేదా ఆపా దగ్గర నీరజ శిష్యురాలు. తోటివాళ్లకంటే తనకు ఎక్కువ తెలుసని ఆమె నమ్మకం. అది నిజం కూడా. చిక్కంతా అక్కడే.

"ఇది పనికిరాదు ఆపా. ఆమెకు చెప్పేద్దాం," అంది నీరజ.

"ఏది బాగుందో ఆమెను అడిగావా?"

"ఆమెకేం తెలుసు? మౌస్ ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు."

వసారాలో బెంచీ మీదున్న దానమ్మకు ఆ మాట వినపడింది. చేతిసంచి సర్దుకుని లేచింది.

ఆపా ఆమెను లోపలికి పిలిచింది. నీరజను కుర్చీలోంచి లేపింది. రెండు చేతులూ వెనక్కి పెట్టించి, నీరజ చున్నీతోనే వాటికి ముడి వేసింది. మిగతా అమ్మాయిలు పని ఆపి చూశారు.

"ఇప్పుడు ఆమెకు చూపించు."

"చేతుల్లేకుండా ఎట్లా ఆపా?"

"నోరుందిగా. ఇందాక బాగానే పనిచేసింది."

దానమ్మ కుర్చీ అంచున కూర్చుంది. నీరజ చెప్పడం మొదలుపెట్టింది. ఏ పెన్‌డ్రైవ్ ఎక్కడ గుచ్చాలో, ఏ మీట నొక్కాలో. సగం మాటలు దానమ్మకు అర్థం కాలేదు. నీరజ వేరే మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. అంతకుముందు ఆమెకు ఆ అవసరమే రాలేదు.

ముందు ముచ్చటైనది తెరుచుకుంది.

"పెళ్లికూతురు మాదిరి ఉంది పాపా," అంది దానమ్మ. పాఠం వీడియో నొక్కింది. కాసేపు చూసింది. "పని చెప్తే కదల్లేదు. తీసేద్దామా?"

రెండోది బూడిదరంగు తెర. నాలుగు బొమ్మలు, అంతే. పాఠం ఆగకుండా నడిచింది.

"అక్షరాలు పెద్దవి చెయ్యొచ్చా? తెలుగు రాయొచ్చా?"

నీరజ చెప్పింది. దానమ్మ చేసుకుంది.

"ఇది మరీ పాతకాలం దానిలా ఉంటుందక్కా," అంది నీరజ, ఆగలేక.

"నేనేమన్నా నిన్న పుట్టినానా? ఇదే ఎక్కించు."

నీరజ ఆపా వైపు తిరిగి చేతులు చూపించింది.

"ఆమే ఎక్కిస్తుంది," అంది ఆపా. "నువ్వు చెప్పు."

ఎక్కడం మొదలైంది. ఒకచోట ఆగి, కంప్యూటర్ వాడేవాళ్ల పేరు అడిగింది.

"ఎవరిది వెయ్యాల? మా ఆయనదా, పిల్లోడిదా?"

"నీదేనక్కా."

దానమ్మ చీరకొంగుతో వేలు తుడుచుకుంది. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టసాగింది. ఒకటి తప్పు పడింది. చెరిపి మళ్లీ వెతికింది. కావలసిన అక్షరం ఆమె చిటికెనవేలి కిందే ఉంది. వెనకాల నీరజ వేళ్లు చున్నీలో గిలగిల్లాడాయి.

ఆపా జాలిపడి ముడి విప్పబోయింది.

"ఉండనీ ఆపా," అంది నీరజ మెల్లగా. "ఇంకా పేరు పూర్తి కాలేదు."