రాజుగారి కలలో జంతువు

కురువపురం రాజు విజయభూపతికి తెల్లవారుజామున ఓ కల వచ్చింది. అందులో ఒక వింత జంతువు. లేచేసరికి అదెలా ఉందో మాత్రం మర్చిపోయాడు.

"నా కలలోని జంతువు నాకు గుర్తులేదు. అయినా దాన్ని ఉన్నదున్నట్టు గీయాలి," అన్నాడు సభలో.

ఆస్థాన చిత్రకారుడు భైరవభట్టు ఆ పని తన వల్ల కాదనుకున్నాడు. వెంటనే గండాన్ని పక్కకు తోసేశాడు. "ప్రభూ, లేని జంతువుల్ని గీయడం ఎల్లమంద పని. గీయలేకపోతే అతను ఈ రాజ్యంలో మళ్ళీ కుంచె పట్టకూడదు!"

రాజు సరేనన్నాడు.

ఎల్లమంద ఏ కొలువులోనూ లేడు. పిలిచినవాళ్ళ గోడల మీద రెక్కల గుర్రాలూ, ఏనుగుతల చేపలూ గీసి బతికేవాడు. ఇంకో పని చేతకాదు. రాజుగారి పిలుపు రాగానే, పాపం, భయం వేసింది. అయినా సభ గోడకు అడ్డంగా తెర కట్టించి, రాజును ఒక్కణ్ణే తెర వెనక తన పక్కన కూర్చోమన్నాడు.

"నాకేం గుర్తులేదని చెప్పానుగా!"

"గుర్తు చేసుకోవద్దు ప్రభూ. ఊరికే చూస్తూండండి."

బొగ్గుతో కుందేలు తోక గీశాడు.

"ఛ, అంత పొట్టిదా! బారెడుంటేనూ!"

చెరిపి బారెడు గీశాడు. మేక చెవులు పెట్టాడు.

"దానికి చెవులెక్కడివయ్యా!"

ఊరూరా తిరిగి ఎల్లమంద నేర్చుకున్న కిటుకది. ఏం కావాలో చెప్పలేనివాళ్ళు కూడా ఏది కాదో ఠక్కున చెప్పేస్తారు. అతను తప్పు గీస్తూ పోయాడు, రాజు దిద్దుతూ పోయాడు. సాయంత్రానికి కళ్ళు తప్ప అంతా పూర్తయింది. బొమ్మకు కళ్ళు అందరి ఎదుటా, చివర్న పెట్టడం చిత్రకారుల ఆచారం.

మర్నాడు సభలో తెర తీశారు. రాజు నోరు విప్పేలోపే భట్టు ముందుకురికాడు.

"ఇదేం తోక ప్రభూ, చేంతాడులా! చెవుల్లేని జంతువుంటుందా? ఇలా గీయించిన బుర్ర ఎవరిదోగానీ..."

ఎల్లమంద చేతులు కట్టుకున్నాడు.

"ప్రభువులదే భట్టుగారూ. ప్రతి గీతా వారే దిద్దారు. నా వంతు కళ్ళొక్కటే, అవింకా పెట్టలేదు."

భట్టు గిరుక్కున రాజుకేసి తిరిగాడు. గుడ్లు ఇంతింతయ్యాయి. "అదే... తోక దివ్యంగా ఉందని..." అని నసిగాడు.

"కాస్త కదలకండి భట్టుగారూ," అని ఎల్లమంద ఆయన ముఖంకేసి చూస్తూ బొమ్మకు ఇంతింత కళ్ళు రెండు పెట్టాడు.

రాజు సింహాసనం మీంచి ఎగిరి లేచాడు.

"అవే! అవే కళ్ళు! కలలో కూడా అది నన్ను అచ్చం ఇలాగే చూసింది!"

సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి భట్టు కూడా నవ్వేశాడు. రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి ఎల్లమందకు కప్పి, వసంతమండపం గోడలన్నీ అతనికే అప్పగించాడు.