ముత్తాతగారి యాస

కోటలో వీధినాటకం. రాజుగారి ముత్తాత వేషం కట్టిన ఓబులేసు నోరు తెరిస్తే చాలు, ఆస్థాన చరిత్రకారులు వరదాచార్యులు లేచి అడ్డుపడుతున్నారు.

"ఒరే, ఆయన యాస అది కాదు! ఆ తలపాగా ఆ కాలంలో ఎక్కడిదిరా? అంతా నేను రాసిన చరిత్రలో ఉన్నట్టే జరగాలి. లేదంటే మీ మేళాన్ని పొలిమేర దాటిస్తా!"

నాటకం ముందుకు సాగదు. పదోసారికి రాజుగారు కూడా అసహనంగా కదిలారు.

ఓబులేసు తలపాగా తీసి పక్కన పెట్టాడు.

"అట్లే కానీ సామీ. మీ పుస్తకం చదివించుకొని విన్నా. ముత్తాతగారు మాట్లాడేటప్పుడు అడ్డొచ్చినోళ్ల నాలిక అక్కడికక్కడే కోయించేవారని రాసినారు గదా!" అని రాజుగారివైపు తిరిగాడు. "ప్రభూ, అది గూడా ఉన్నదున్నట్టు ఆడమంటారా?"

"ఆడండి," అన్నారు రాజుగారు, నవ్వకుండానే.

ఆచార్యులు రెండు చేతులతో నోరు మూసుకుని కూలబడ్డారు. మంగళహారతి దాకా ఆ చేతులు దిగలేదు.