ఒత్తు దింపాక

సైదా సాహెబు గారిని శిష్యులెవరైనా ఏదైనా అడగాలంటే ముందు ఒత్తు పట్టాలి. ఆ ఇంటి ఆనవాయితీ అది. సన్నాయి మేళంలో పెద్దాయన రాగం తీస్తుంటే పక్కన ఒకడు కూర్చుని ఒక్కటే స్వరం తెగకుండా ఊదుతూ ఉంటాడు చూడండి, వాడి చేతిలోని పొడుగాటి గొట్టం పేరే ఒత్తు. ఇప్పుడు దాని బదులు అందరూ ప్లగ్గులో పెట్టే శ్రుతిపెట్టె కొనుక్కున్నారు. సాహెబు గారు మాత్రం "కరెంటుకు ఊపిరెక్కడిదయ్యా?" అని దాన్ని గడప దాటనివ్వలేదు. అడగవచ్చినవాడు ఆయన ఒక రాగం ముగించేదాకా ఒత్తు ఊదాలి, ఆ తరువాతే ప్రశ్న. సగంమందికి దవడలు లాగేసి, వచ్చిన పనేమిటో గుర్తుండేది కాదు. "మరిచిపోయావా? అయితే పెద్ద అవసరం కాదులే" అని నవ్వి, మజ్జిగ ఇప్పించి పంపేసేవారు.

నరసరావుపేట వైపు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో బాలకోటి తొమ్మిదేళ్ళుగా ఒత్తు పట్టినవాడు. ముప్పై దాటాయి, పెళ్ళయింది, ఒక ఆడపిల్ల. ఒత్తు పట్టడమంటే ఊరికే ఊదడం కాదు. బుగ్గల్లో దాచుకున్న గాలిని బయటికి తోస్తూనే, అదే క్షణంలో ముక్కుతో లోపలికి పీల్చుకోవాలి. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, అందులో బొప్పాయి కాడ ముంచి, బుడగలు తెగకుండా ఊదడంతో మొదలుపెడితే ఆ విద్య పట్టుబడేసరికి రెండేళ్ళు పడుతుంది. బాలకోటికి ఏడు నెలల్లో పట్టుబడింది. సాహెబు గారు పైకి మెచ్చుకోలేదు గాని, ఆ రోజు ఇంట్లో సేమియా వండించారు.

ఇప్పుడు పెద్దాయనకు ముందుపళ్ళు కదులుతున్నాయి. సన్నాయి కొసన ఊదే పీక పెదవుల మధ్య ఎక్కువసేపు నిలవడం లేదు. అందుకని పమిడివారిపాలెంలో జరిగే రాములవారి కల్యాణానికి "ఈ ఏడు సన్నాయి కోటిది. నేను పక్కన కూర్చుంటాను" అని అందరి ముందూ చెప్పేశారు. ఆయన తండ్రి వాయించిన సన్నాయి అది. తొమ్మిదేళ్ళు ఒక్క స్వరం మీద బతికినవాడికి ఏడు స్వరాలూ ఇస్తామంటే ఎలా ఉంటుంది! ఆ పూట బాలకోటికి అన్నం సయించలేదు. భార్య అడిగితే ఏమీ లేదంటూనే ఏడ్చేశాడు. కల్యాణం ఇంకా ఆరు రోజులుంది.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క సిగరెట్ల సంగతి తప్ప. మేళాలతో ఊళ్ళు తిరిగి తిరిగి ఆ అలవాటు అంటుకుంది. గురువుగారికి వాసన తగులుతోందని, మానేద్దామని మథనపడుతున్న రోజుల్లో బావమరిది శ్రీహరి హైదరాబాదు నుంచి ఒక ఈ-సిగరెట్టు తెచ్చి ఇచ్చాడు. అమ్మకూడదని నిషేధం ఉన్న వస్తువు, అయినా చాటుగా దొరికేవాళ్ళకు దొరుకుతూనే ఉంటుంది. పెన్నంత ఉంటుంది, పీలిస్తే కొసన నీలం దీపం వెలుగుతుంది. "నిప్పు లేదు, బూడిద లేదు. ఇది పొగ కాదు బావా, ఆవిరి. మామిడిపండు వాసన" అన్నాడు శ్రీహరి.

అక్కడే మనవాడు పొరపాటు చేశాడు. ఇంకెవరికీ చేతకాని పొరపాటు, ఒత్తు పట్టేవాడే చెయ్యగలడు. మామూలు మనిషి ఒక దమ్ము లాగి, వదిలి, కాసేపాగి మళ్ళీ లాగుతాడు. బాలకోటి తన విద్యను తిరగేశాడు. నోటితో లాగుతూనే ముక్కుతో వదలడం మొదలుపెట్టాడు. ఇంక ఆగేదేముంది? లోపలికి పోయేది పోతూనే ఉంటుంది, బయటికి వచ్చేది వస్తూనే ఉంటుంది. పెళ్ళి విడిదిళ్ళలో చూసినవాళ్ళు నోళ్ళు తెరిచి "ఏం దమ్మురా నీది!" అన్నారు. ఒత్తు పట్టే తొమ్మిదేళ్ళలో వాడివైపు ఒక్కడు తల తిప్పి చూసిన పాపాన పోలేదు. కాబట్టి ఆ మాట కొంచెం తలకెక్కింది, తప్పేముంది?

ఎటొచ్చీ ఆ పెన్నుకే ఓపిక లేదు. ఎనిమిది లెక్కపెట్టేలోగా దీపం టపటపా కొట్టుకుని ఆరిపోయేది. బాలకోటికి మధ్యలో తాళం తప్పినట్టు ఒళ్ళు మండేది. అది విని శ్రీహరి ఇంకా పై రకాలు రెండు తెచ్చాడు. ఒకటి అరచేతిలో పట్టే పెట్టె. అద్దం మీద అంకెలు కనపడతాయి, బ్యాటరీ రెండు రోజులొస్తుంది, ఎంతసేపు లాగితే అంతసేపు ఇస్తుంది. రెండోది సన్నం. ఆవిరి తక్కువే గాని లోపలి నికోటిన్ మందు ఘాటు, లాల్చీ జేబులో దాచుకుంటే మేళం మధ్యలో కూడా పనికొస్తుంది. "ఒకటి ఉంచుకుని ఒకటి తిరిగిచ్చెయ్ బావా. కొత్తగా మొదలుపెట్టినవాడివి, పెద్దవాళ్ళెవరినైనా అడిగి చూసుకో" అన్నాడు. పెద్దవాళ్ళంటే శ్రీహరి ఉద్దేశం ఆ పీల్చడంలో ఆరితేరినవాళ్ళని. బాలకోటికి పెద్దవాళ్ళంటే లోకంలో ఒక్కరే. తొమ్మిదేళ్ళుగా చెప్పులు కొన్నా ఆయన్ని అడిగి కొన్నవాడు.

వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. వాకిట్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఆ ఘాటుకు కాకులు కూడా ఆ చుట్టుపక్కల వాలడం లేదు. వసారాలో డోలు వాయించే అంకమ్మరావు గోడకు చేరగిలబడి తాళ్ళు బిగించుకుంటున్నాడు. బాలకోటి ఆ రెండింటినీ తీసి ఈతచాప మీద సాహెబు గారి ముందు పెట్టాడు. చూపు ఆనక ఆయన చేత్తో తడిమి చూశారు.

"ఇవి దేనికిరా?"

"పీల్చడానికి గురువుగారూ. పొగ కాదు, ఆవిరి. ఊదేవాడి ఊపిరికి ఈ రెండింట్లో ఏది మంచిదో తమరు చెబితే..."

"ఓరి నీ అసాధ్యం కూలా!" అని అంకమ్మరావు నెత్తి కొట్టుకున్నాడు. సాహెబు గారు కోప్పడలేదు. ఆ రెండింటినీ పక్కకు జరిపి, "ఒత్తు పట్టు" అన్నారు.

ముఖారి రాగం ఎత్తుకున్నారు. బాలకోటికి మొదట్లో గొంతులో గరగరలాడి దగ్గొచ్చింది. మిరప ఘాటు అనుకుని అణుచుకున్నాడు. ఆ తరువాత సర్దుకుంది. సర్దుకోవడమేమిటి, అంత బాగా ఏనాడూ పలకలేదు. బుగ్గలు నొప్పి లేవు, దవడ లాగడం లేదు. కాసేపటికి తాను ఊదుతున్నట్టే తెలియలేదు. స్వరం దానంతటదే సాగిపోతోంది, తాను ఊరికే గొట్టం పట్టుకుని కూర్చున్నాడు. ఇదేదో విద్య పండిన లక్షణమనుకుని లోలోపల మురిసిపోయాడు పాపం.

రాగం సగంలో ఉండగా సాహెబు గారు ఆపేశారు. రాగాన్ని సగంలో వదిలిపెట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అంకమ్మరావు తాళ్ళు వదిలి తలెత్తాడు.

"దింపు" అన్నారు సాహెబు గారు.

బాలకోటి ఒత్తును పెదవుల నుంచి తీసి చాప మీద పెట్టాడు. స్వరం ఆగలేదు.

సన్నగా, తిన్నగా, అదే ధార. ముగ్గురూ చాప మీది గొట్టం వైపు చూశారు. అంకమ్మరావు వంగి దాని పీకను బొటనవేలితో మూశాడు. స్వరం అలాగే ఉంది. నడుం ఎత్తి పైకి చూశాడు, పంకా తిరగడం లేదు. వీధిలోకి వెళ్ళి చూసి వచ్చాడు, ఎక్కడా మోటారు ఆడడం లేదు, మనిషి అలికిడి లేదు. ఎండలో ఊరంతా పడుకుంది. ఆ స్వరం మాత్రం వసారాలోనే ఉంది. అంకమ్మరావు డోలు మీద చెయ్యి వేసి చూశాడు. తోలు సన్నగా అదురుతోంది. "యా అల్లా అనండి సాహెబు గారూ, నాకు భయమేస్తోంది" అన్నాడు, తాను అంకమ్మ తల్లికి మొక్కుకుంటూనే.

సాహెబు గారు మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి, బాలకోటి వీపుకు చెవి ఆనించారు.

"ఇక్కడుంది" అన్నారు.

బాలకోటి లాల్చీ మీదుగా గుండె నొక్కుకున్నాడు. "పిల్లికూతలయ్యుంటాయి గురువుగారూ. మిరపకాయల ఘాటు పడక..."

"పిల్లికూతలకు శ్రుతి ఉండదు నాయనా. పీల్చినప్పుడొక రకం, వదిలినప్పుడొక రకం. ఇది చూడు, పీల్చినా అదే, వదిలినా అదే. తొమ్మిదేళ్ళు నేర్పినదాని కంటే తీరుగా ఉంది." చెవి తియ్యకుండానే, "ఊపిరి బిగబట్టు" అన్నారు.

బిగబట్టాడు. స్వరం ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో! వాకిట్లో ఎండిన మిరపకాయ ఒకటి చిటుక్కుమన్న చప్పుడు కూడా వినపడింది. పోయింది, పీడ వదిలింది అనుకున్నాడు బాలకోటి. ఎంతసేపైనా ఇలాగే ఉండిపోదామనుకున్నాడు. ఊపిరి నిలపడం వాడికేం కొత్త? ఇరవై, ముప్పై, నలభై. గుండెలో మంట మొదలైంది. యాభై దాటేసరికి కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. ఇక లాభం లేదని నోరు తెరిచాడు. గాలి లోపలికి పోయిందో లేదో, స్వరం మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా స్పష్టంగా, ఎవరో ఇంతసేపూ దాని కోసం కాచుకుని ఉన్నట్టు. బాలకోటి పైపంచె నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

సాహెబు గారు సన్నాయి తీసుకున్నారు. ఆ ఒత్తును ఈ సన్నాయికి మైనం పెట్టి శ్రుతి కలిపి నలభై ఏళ్ళు దాటింది, రెండూ ఎన్నడూ విడిపోయింది లేదు. ఆయన షడ్జమం పట్టారు. కలవలేదు. బాలకోటి గుండెలోది అంతకంటే కింద ఉంది. వేళ్ళు మార్చి కిందికి వచ్చారు. అందలేదు. పెదవి సడలించి, పీక కొస పట్టుకుని, ఆయనకు తెలిసిన ఒడుపులన్నీ చేసి చూశారు. కదులుతున్న పళ్ళ సందుల్లోంచి గాలి పోతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా వదలలేదు. శిష్యుడి స్వరం దగ్గరికి వెళ్ళాలని ఆ ముసలాయన పడుతున్న యాతన చూడలేక అంకమ్మరావు మొహం తిప్పుకున్నాడు. చివరికి సాహెబు గారు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని ఆయాసపడ్డారు.

"ఈ స్వరానికి నా సన్నాయిలో రంధ్రం లేదురా" అన్నారు.

బాలకోటికి చాప మీది రెండు వస్తువులూ కనపడలేదు, అడగవచ్చిన ప్రశ్నా గుర్తు లేదు. "నేను తమరికే కదా గురువుగారూ ఒత్తు పడుతున్నాను! తొమ్మిదేళ్ళుగా తమరికే కదా! మరి ఇదెవరికి?" అన్నాడు. మాటల మధ్యలో కూడా ఆ స్వరం తెగడం లేదు.

సాహెబు గారు సన్నాయిని పాత పట్టుగుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు. ఒక్కో చుట్టూ చుట్టి, పైన తాడు వేసి, ముడి బిగించారు. ఆ ముడి చూసేసరికి బాలకోటి ప్రాణం విలవిల్లాడింది.

"గురువుగారూ, కల్యాణం... నాదన్నారు కదా సన్నాయి..."

సాహెబు గారు చేత్తో వెతికి వాడి గుండె మీద అరచెయ్యి ఆనించారు. లోపలి స్వరానికి ఆ చెయ్యి సన్నగా అదిరింది.

"ఒక్క ఊపిరితో ఇద్దరికి ఒత్తు పట్టలేవు కోటీ" అన్నారు. "ఎవరికో త్వరగా తేల్చుకో. అవతలాయన వాయిద్యం విప్పుతున్నట్టున్నాడు."