గడప దగ్గర నలభై జతలు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు, ఏమీ అనుకోను. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. వయసులో ఉన్నప్పుడు ఈ హుసేనప్ప గొంతు విప్పితే కోట బురుజు మీది పావురాలు మూడు రోజుల దాకా మళ్లీ వాలేవి కావు!

అంతటి గొంతుకీ ఒక ఏడు పని పడింది.

మా గుండ్లకోట దళవాయి, అంటే సేనాపతి, కొండలరాయుడు పొంగుతున్న ఏట్లోకి సైన్యాన్ని దింపాడు. నీళ్లు తగ్గేదాకా ఆగమని పడవవాళ్లు కాళ్లు పట్టుకున్నా వినలేదు. మా ఊరివాళ్లు నలభై మంది కొట్టుకుపోయారు. అందులో మా అన్న దస్తగిరప్ప ఒకడు.

దళవాయి మాత్రం గెలిచామని డప్పులు కొట్టించుకుంటూ తిరిగొచ్చాడు. "మా పిల్లలేరి? జవాబు చెప్పండి!" అంటూ ఊరంతా కోట ముందు కూర్చుంటే, దివాను తలుపులు వేయించాడు. మా అమ్మకి చావు కబురైనా చెప్పడానికి ఎవరూ రాలేదు. రోజూ అన్నకి కంచం పెట్టి కూర్చునేది.

నేను తిన్నగా మా గురువు హబీబుల్లా బాబా దగ్గరికి పోయాను.

"బాబా, శుక్రవారం దళవాయి మీ దీవెన కోసం దర్గాకి వస్తాడట. ఒక్కసారి నాకు సెలవివ్వండి. నా అరుపుకి వాడి ఏనుగు మోకాళ్ల మీద కూలబడకపోతే అడగండి!"

బాబా ఆముదం గిన్నె నా చేతిలో పెట్టాడు.

"ముందు ఆ చెప్పులకి రాయి. ఎండకి తోలు బిగుసుకుపోతోంది."

మా దర్గాలో ఒక ఆనవాయితీ ఉంది. యుద్ధానికి పోయేవాళ్లు చెప్పులు గడప దగ్గర విడిచి, వట్టికాళ్లతో కదులుతారు. తిరిగొచ్చాక తొడుక్కుని ఇంటికి పోతారు.

"పోయినవాళ్ల చెప్పులకి ఆముదమా బాబా!"

"వచ్చినవాళ్లు తీసుకుపోయారు. మిగిలినవి మనకి అప్పగించినవే కదరా."

పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. నలభై జతలు! ఇంకెవరైనా నెల రోజులు తీసుకునేవారు. ముప్పైతొమ్మిది జతలు నేను ఒక్క పూటలో పూర్తిచేశాను. మా అన్న జతకి మాత్రం మూడు రోజులు పట్టింది.

శుక్రవారం పొద్దున బాబా తన చేత్తోనే ఆ చెప్పులన్నీ గడపకి అడ్డంగా పరిచాడు. దళవాయి బల్లేల వాళ్లతో వచ్చాడు. కాలు పెట్టడానికి జాగా లేదు.

"లోపల ఇంత జనమా బాబా?" అని నవ్వాడు. "వాళ్లని పంపించండి, వస్తాను."

"లోపల ఎవరూ లేరు నాయనా. వీళ్లంతా నీతో వచ్చినవాళ్లే. నువ్వు తిరిగొచ్చావు. వాళ్లేరి?"

బల్లేలు కదిలాయి. దళవాయి చెయ్యెత్తి ఆపాడు. తర్వాత వంగి, అన్నిటికంటే నిగనిగలాడుతున్న జతని తీసుకున్నాడు.

"ఇవి ఎవరివి?"

బాబా నావైపు చూశాడు. పావురాల్ని మూడు రోజులు ఎగరగొట్టిన గొంతు కదా!

"మా అన్నవి" అన్నాను. పక్కవాడికి కూడా వినపడి ఉండదు. దళవాయికి వినపడింది.

ఆయన తన జరీ చెప్పులు అక్కడే విడిచాడు. అన్న చెప్పులు రెండు చేతుల్లో పెట్టుకుని, వట్టికాళ్లతో నా వెనక మా ఇంటికి వచ్చాడు.

"అమ్మా, ఏరు పొంగుతోందని చెప్పారు. నేనే దింపాను. నీ కొడుకు పోయాడు. తప్పు నాది."

అమ్మ అన్న కంచం తీసి లోపల పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

మిగిలిన ముప్పైతొమ్మిది ఇళ్లకీ ఆయన అలాగే వెళ్లాడు. చివరికి జనం చూస్తుండగా తన కత్తిని కోట తలుపు ముందు పెట్టేశాడు.

నేను పరుగున వచ్చి బాబా కాళ్ల మీద పడ్డాను. ఇప్పటికీ ముద్ద ఎత్తేముందు ఆయనకొక దండం పెట్టుకోకుండా తినను. ఆయన నన్ను లేపి, ఒక్కటే అడిగాడు.

"ఆముదం ఏమైనా మిగిలిందా?"

"ఉంది బాబా."

"దళవాయి చెప్పులు ఎండలో ఉన్నాయి. వాటికీ రాయి."

రాశాను. దళవాయి మాత్రం వాటిని మళ్లీ తొడుక్కోలేదు.

నమ్మరా? ఇందాక మీరు ఈ దర్గాలోకి వస్తుంటే, గడప దగ్గర చూపు ఆనక, చేత్తో తడుముకుంటూ మీ చెప్పులు జతపెట్టిన ముసలాయన ఉన్నాడే, వెళ్లి అడగండి. పేరు కొండలరాయుడు.