లోగన్ వారి పిండిపువ్వు

మొక్క చచ్చిపోయింది.

మోరగ్ ద్రాక్షతీగల అద్దాల గదిలో, కుండీ ముందు చతికిలబడి కూర్చుంది. ఒక ఆకు పట్టుకుని కొంచెం లాగితే ఊడి చేతిలోకి వచ్చేసింది. మొదలు కుళ్ళిన ఉల్లిపాయలా మెత్తగా ఉంది. ఇంకో ఆకు లాగింది. అదీ వచ్చేసింది.

మామూలు మొక్కయితే ఆ పిల్ల అట్లా కూర్చునేది కాదు. అది లోగన్ వారి పిండిపువ్వు.

ఇది స్కాట్లాండులో మాట. అక్కడ కొండల నడుమ డన్‌కారీ అని ఒక దొరల కోట. కోట పక్కన, చుట్టూ ఎత్తుగా గోడ కట్టిన తోట. ఆ తోటకి పెద్ద తోటమాలి హామిష్ లోగన్. ఆయనకి ముందు వాళ్ళ నాన్న, ఆ ముందు తాత, ఆ ముందు ముత్తాత.

ముత్తాత మొదట తోటమాలి కాదు. ఆ గోడ కట్టేటప్పుడు రాళ్ళు మోసే పనికి కొండ అవతల నుంచి నడిచి వచ్చాడట. వస్తూ వస్తూ వాళ్ళమ్మ గుమ్మం దగ్గరి పిండిపువ్వుని తడి నాచులో చుట్టి, తన ఉన్ని టోపీలో పెట్టుకుని తెచ్చాడట. దారంతా వాన. టోపీ మొక్కకి, వాన తలకి. గోడ లేచాక, ఉత్తరం వైపు నీడలో దాన్ని నాటాడు. నాటినవాడు ఇంక కొండ దాటి వెనక్కి వెళ్ళలేదు.

పిండిపువ్వు పొట్టి మొక్క. దళసరి ఆకులు. తిరగలి దగ్గర నుంచి లేచినావిడ చేతులకున్నట్టు ఆ ఆకులకి తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. చలి విరిగే వేళ పసుపుపచ్చ పూలు గుత్తిగా పూస్తాయి. తేనె వాసన. మన చామంతికి వచ్చినట్టే మొదలు దగ్గర పిలకలు వస్తాయి.

ఆ తోటలో ఒక ఆచారం ఉంది. పెద్ద తోటమాలి దిగిపోయి కొత్తవాడు వచ్చే రోజున రెండు వస్తువులు చేతులు మారతాయి. ఒకటి నల్లటి గట్టి గుండ్రటి టోపీ. అది పెద్ద తోటమాలి తప్ప ఇంకెవరూ పెట్టుకోరు. రెండోది ఉత్తరపు గోడ దగ్గరి ఈ మొక్క.

లోగన్ గారికి పిల్లలు లేరు. ఆయనా, భార్య జీనీ, అంతే. తోటలో మగవాళ్ళంతా యుద్ధానికి పోయినప్పుడు మోరగ్ పనికొచ్చింది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి. యుద్ధం అయిపోయింది, ఆమె మాత్రం వెళ్ళలేదు. ఆ పిల్ల చేత్తో గుచ్చిన కట్టె పుల్ల కూడా చిగురేస్తుందని లోగన్ గారు కనిపెట్టారు. "నా తర్వాత ఈ అమ్మాయే" అని దొరసానికి చెప్పేశారు. వచ్చే మే నెలలో టోపీ మారాలి.

పక్క ఎస్టేటు తోటమాలులు ఊరుకుంటారా? "జడల మీద ఆ టోపీ ఎట్లా నిలుస్తుందిరా?" అని నవ్వుకున్నారు.

ఆ మాట మోరగ్‌కి ముల్లులా దిగింది. ఆ వంశంలో పుట్టలేదు, పైగా ఆడపిల్ల. అందుకని, లోగన్‌ల కంటే తనే ఆ మొక్కని ఎక్కువ కాపాడాలని పట్టు పట్టింది. చుట్టూ పుల్లలతో కంచె కట్టింది.

కిందటేడు పూలప్పుడు కిర్‌స్టీ అనే ఆవిడ తోట దగ్గరికి వచ్చింది. కొండ మీది గొర్రెల కాపరిని పెళ్ళాడి ఆ ఊరికి కొత్తగా వచ్చింది. చేతిలో మూతి విరిగిన టీ కూజా.

"ఏమండీ, ఒక్క పిలక ఇస్తారా? మా గుమ్మంలో గాలి తప్ప ఏమీ లేదు."

"అది లోగన్ వారి మొక్క. అందరికీ పంచేది కాదమ్మా" అంది మోరగ్.

కిర్‌స్టీ ఆ కూజాని కోటు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

మోరగ్ ఆ సంగతి లోగన్ గారికి గొప్పగానే చెప్పింది. ఆయన బూటు తాడు కట్టుకుంటున్నారు. "అలాగా" అన్నారు. కట్టిన తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నారు.

ఆ చలికాలం ఆయన కీళ్ళనొప్పులతో మంచం పట్టారు. తోటంతా మోరగ్ మీదే పడింది. చలి విరిగాక పట్నంలో పూల పోటీ ఉంది. అందులో పిండిపువ్వుకి మొదటి బహుమతి తేవాలి, నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడాలి. కానీ వాన పడితే ఆకుల మీది పొడి కడుక్కుపోతుంది. అందుకని మొక్క మొత్తాన్ని, ఒక్క పిలకైనా గోడ దగ్గర వదలకుండా పెకలించి, కుండీలో పెట్టి, వేడినీళ్ళ గొట్టాలు పోయే ద్రాక్షగదిలోకి తెచ్చింది.

మంచు కింద పడుకుని నిద్రపోయి లేచే మొక్క అది. దానికి వెచ్చదనం పెట్టింది. దాహం వేస్తుందేమోనని పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోసింది. ఎండాకాలంలో పసిబిడ్డకి కంబళి కప్పి, ఏడుస్తున్నాడని ఇంకో కంబళి కప్పినట్టు.

అదీ జరిగింది.

చేతికర్ర చప్పుడైంది. లోగన్ గారు మంచం దిగి తోటలోకి వచ్చిన మొదటి రోజు అది. నల్ల టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు.

మోరగ్ దాచలేదు. "చంపేశాను లోగన్ గారూ" అంది.

ఆయన కుండీ ఎత్తి వాసన చూశారు. "ఊఁ. చచ్చింది" అన్నారు. బయటికి వెళ్ళి పెంటకుప్ప మీద కుండీ బోర్లించి, అడుగున ఒక దెబ్బ వేశారు. ఖాళీ కుండీని తొట్టిలో ముంచి కడిగి ఎండలో పెట్టారు.

"ఆ పొడుగు బుట్ట తీసుకో అమ్మాయ్."

"దొరసాని దగ్గరికాండీ?"

"దొరసాని దగ్గరికి బుట్టెందుకు? కమ్మరి ఇంటికి."

దారిలో మోరగ్ అంది, "టోపీ నాకు వద్దండీ. నా పెట్టె సర్దుకుంటాను. సాయంత్రం బస్సుకి మా అమ్మ దగ్గరికి పోతాను."

"సాయంత్రం బస్సేగా? ఇంకా బోలెడు టైముంది" అన్నారు లోగన్ గారు.

మోరగ్ ఆ తోటలో ఇన్నాళ్ళు పనిచేసిందన్న మాటేగానీ ఊళ్ళో ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. ఉండేది తోట గదిలో. ఆదివారమైతే బస్సెక్కి సముద్రం ఒడ్డుకి పోయేది. ఆమెకి తెలిసిందల్లా వీధి వైపు గుమ్మాలే. లోగన్ గారు మాత్రం వీధి గుమ్మం వైపు చూడకుండా, ఇంటి పక్కనుంచి తిరిగి వెనక్కి తీసుకెళ్ళారు.

కమ్మరి టామ్ వెనక గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ముసలాయన.

"ఏరా హామిష్, ఇంకా చావలేదా?"

"నువ్వు ముందు పోయి మంచి చోటు చూసి పెడతావని ఆగాను."

మోరగ్ వాళ్ళ మాటలు వినడం లేదు. గుర్రాలు నీళ్ళు తాగే పాత రాతి తొట్టి నిండా పిండిపువ్వు. పసుపుపచ్చగా, గుత్తులు గుత్తులుగా. బుట్ట చేతిలోంచి జారింది.

"అట్లా చూస్తావేం పిల్లా?" అన్నాడు టామ్. "వీళ్ళ తాత పెట్టినవే ఇవి. ప్రతి ఆదివారం ఒక పిలక పట్టుకుని వచ్చేవాడు. మీ గుమ్మానికి అందంగా ఉంటుందండీ అనేవాడు. ఆయన చూపు గుమ్మం మీద ఉంటేనా! మా ముత్తాతకి ఒక కూతురుంది కదా, ఆ పిల్ల మీద. తొట్టి నిండింది, బకెట్లు నిండాయి, ఇంట్లోకి పోవడానికి దారి లేదు. చివరికి మా ముత్తాత సుత్తి కింద పడేసి, 'నాయనా, ఇక మొక్క పెట్టడానికి చోటు లేదు. పిల్లని తీసుకుపో, నా గుమ్మం వదులు' అన్నాడు."

"ఆ పిల్లే మా నాయనమ్మ" అన్నారు లోగన్ గారు.

టామ్ లేచి, చాకుతో మూడు పిలకలు కోసి బుట్టలో పెట్టాడు. ఎందుకని అడగలేదు.

తర్వాత నెల్ ఇల్లు. వాళ్ళమ్మ ఆ ఊరి మంత్రసాని. వెనక గుమ్మంలో ఒక చిల్లుపడ్డ ఇనప కెటిల్, అందులో పిండిపువ్వు. లావుపాటి నెల్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇది హామిష్ పుట్టిన రోజుది" అంది. "ఆ రోజు మంచు గుమ్మమంత ఎత్తు పడిందట. మా అమ్మ వీళ్ళింట్లోకి కిటికీలోంచి దూరి పురుడు పోసింది. మగపిల్లాడు అనగానే వీళ్ళ నాన్న పార పట్టుకుని పరిగెత్తాడు. మంచునంతా తవ్వి, అడుగున మొక్క వెతికి, పిలక తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టాడు. హామిషూ ఈ మొక్కా ఒక ఈడువాళ్ళే. చూడు, ఎవరు నయంగా ఉన్నారో. దీనికి కీళ్ళనొప్పులు లేవు!"

లోగన్ గారు టోపీ తీసి ఆ కెటిల్‌కి దణ్ణం పెట్టినట్టు తల వంచారు. నెల్ పొట్ట పట్టుకుని నవ్వింది.

మోరగ్ మెల్లిగా అంది, "నేను నీళ్ళు ఎక్కువ పోసి చంపేశానండీ."

"మా అమ్మా అంతే. దీనికి ముందు ఒకటి ఉండేది, అట్లాగే చంపింది. తర్వాత మళ్ళీ ఇది దొరికింది. దాందేముంది?" అని నెల్ పిలక తీసి బుట్టలో పడేసింది.

మూడో ఇంటి దగ్గర లోగన్ గారు గేటు ముందే కాసేపు నిలబడిపోయారు. అది ఎఫీ ఇల్లు. బట్టలు కుట్టుకుంటుంది. పెళ్ళి చేసుకోలేదు.

ఎఫీ తలుపు తీసింది. ఆయన్నీ చూసింది, బుట్టనీ చూసింది.

"గోడ దగ్గరిది పోయిందా?"

"పోయింది ఎఫీ."

ఆమె గుమ్మంలో చిన్న మట్టి చిప్ప, అందులో ఒక్కటే మొక్క. ఆకుల మీది పొడి చెక్కు చెదరలేదు.

"మీ అన్న రాబీ ఓడ ఎక్కే ముందు రోజు ఇచ్చాడు" అంది ఎఫీ. మోరగ్ వైపు తిరిగింది. "నేను వచ్చేదాకా దీనికి నీళ్ళు ఎక్కువ పోయకు, చస్తుంది అన్నాడు. ఓడ రాలేదు. నేను ఆ మాట మీదే ఉన్నాను."

ఎఫీ చిప్పని కొంచెం నీడ వైపు జరిపింది. తర్వాత నవ్వింది.

"ఆ టోపీ రాబీకి రావలసింది. ఇదిగో, ఈ తమ్ముడిగారికి వచ్చింది. ఏం టోపీ, ఏం తల! చెవుల మీదికి జారిపోయేది. ఊరంతా నవ్వేవాళ్ళం."

"లోపల కాగితాలు మడిచి పెట్టుకునేవాణ్ణి" అన్నారు లోగన్ గారు.

"అవి వానకి తడిసి, నీ మొహం మీద సిరా కారేది!"

ఇద్దరూ నవ్వారు, కళ్ళ నీళ్ళు వచ్చేలా. మోరగ్‌కి కూడా నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఆ మొహం మీద నవ్వు రావడం అదే మొదలు.

ఎఫీ తలలోంచి పిన్ను తీసి, దాంతో మొదలు దగ్గర మట్టి కదిపి, ఉన్న ఒక్క పిలకనీ విడదీసింది. లోగన్ గారి చేతిలో పెట్టలేదు. మోరగ్ చేతిలో పెట్టింది.

"రాబీ చేతిది. తీసుకో."

ఇంకా ఏవో ఇళ్ళు తిరిగారు. ప్రతి వెనక గుమ్మంలోనూ ఒక తొట్టో, కెటిలో, పగిలిన గిన్నో. ఒక్కోదానికి ఒక్కో కథ. ఒకచోట ముత్తాత పొగరు, ఒకచోట తాత పాడిన పాట, ఒకచోట చిన్నప్పటి హామిష్ దొంగిలించిన ఆపిల్ పళ్ళు. టీలు తాగి తాగి మోరగ్ కడుపు నిండింది, బుట్టా నిండింది.

పొద్దు వాలుతుండగా వెనక్కి బయల్దేరారు. సాయంత్రం బస్సు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచే పోయింది. మోరగ్ బుట్టలోని ఆకుల మీద దుమ్ము పడకుండా కోటు అడ్డం పెట్టింది. బస్సు వైపు చూడలేదు.

దారి రెండుగా చీలే చోటికి వచ్చారు. ఎడమ దారి తోట గేటుకి. కుడి దారి కొండ మీదికి. మోరగ్ నిలబడిపోయింది.

"లోగన్ గారూ, మీరు నడవండి. నాకు కొండ మీద పనుంది."

"ముందు గోడ దగ్గర నాటవా?"

"అక్కడ రేపు నాటతానండీ."

లోగన్ గారు ఆమె వైపు చూశారు. బుట్ట వైపు చూశారు. తర్వాత, నల్ల టోపీ తల మీంచి తీసి మోరగ్ తల మీద పెట్టారు.

మోరగ్ కంగారు పడింది. "మే నెల ఇంకా రాలేదండీ!"

"కొండ మీద గాలి మే నెల దాకా ఆగదమ్మాయ్" అన్నారు ఆయన. బట్టతలతో, కర్ర ఊపుకుంటూ, ఎడమ దారిన వెళ్ళిపోయారు.

మోరగ్ కుడి దారి పట్టింది. టోపీ చెవుల మీదికి జారుతోంది. రెండు చేతుల్లో బుట్ట ఉంది, సర్దుకోవడానికి లేదు. దారి కనపడాలని గడ్డం పైకెత్తి నడిచింది.

గొర్రెల కాపరి ఇంట్లో కిర్‌స్టీ అప్పుడే దీపం పెట్టింది. మోరగ్ వీధి గుమ్మం దాటి, ఇంటి పక్కనుంచి తిరిగి, వెనక గుమ్మం తట్టింది.