దాలయ్య ఇల్లు వెతికిన కాగితం

పోలినాయుడికీ, అతని తమ్ముడు జోగినాయుడికీ, పోలినాయుడి పెళ్ళాం పైడమ్మకీ తమంత తెలివైన వాళ్ళు ఊళ్ళో లేరని గట్టి నమ్మకం. దొంగలు తలుపు పగలగొడతారని తలుపే పీకి అటక మీద దాచుకున్న ఇల్లు అది. అంత జాగ్రత్తగల ఇంట్లో ఒక పొద్దున గేదె మాయమైంది. ఇంటికి ఉన్న పాడి అదొక్కటే. అది లేకపోతే పిల్లలకి మజ్జిగ చుక్క లేదు.

పక్కింటి దాలయ్య మీద అనుమానమొచ్చింది. అంతే, అన్నదమ్ములిద్దరూ అతని గొడ్లసాల పైకెక్కి, పెంకు తీసి, మూడు రోజులు బోర్లా పడుకుని చూశారు. కింద గేదె ఉండనే ఉంది. నాలుగో రోజు పైడమ్మని కూడా వెంటబెట్టుకుని కోర్టుకెళ్ళి చెప్పారు.

"ఎవరినడిగి ఎక్కారయ్యా?" అన్నాడు జడ్జిగారు.

"పైడమ్మనడిగామండి. నిచ్చెన ఆవిడదే," అన్నాడు జోగినాయుడు.

"కోర్టు కాగితం లేకుండా పరాయి ఇంట్లోకి తొంగిచూస్తే ఆ సాక్ష్యం నేను తీసుకోను. మీరు చూడనట్టే లెక్క."

తిరిగొస్తుంటే దాలయ్య గేదెని తోలుకుంటూ ఎదురొచ్చాడు. అన్నదమ్ములు గబుక్కున కళ్ళు మూసుకున్నారు.

"ఏమయ్యా, అది మన గేదే కదా," అంది పైడమ్మ.

"ఊరుకోవే. మనం చూడలేదు. జడ్జిగారే చెప్పారు," అంటూ పోలినాయుడు కళ్ళు మూసుకునే నడిచాడు. ఇంకేముంది, ఇద్దరూ పంటకాలవలో పడ్డారు.

ఆ బురదతోనే మళ్ళీ కోర్టుకెళ్ళారు. జడ్జిగారు జాలిపడి, దాలయ్య ఇల్లు వెతకవచ్చని కాగితం రాసిచ్చాడు.

ముగ్గురూ వెళ్ళేసరికి గేదె దాలయ్య గుమ్మానికి అడ్డంగా కట్టేసి ఉంది. "కాస్త జరగవే తల్లీ," అని పోలినాయుడు దాన్ని పక్కకి నెట్టి లోపలికి నడిచాడు.

"అన్నా, గేదె ఇదిగో కదా," అన్నాడు జోగినాయుడు.

"అది వాకిలిరా. కాగితంలో ఇల్లని ఉంది. వాకిట్లో చూసింది చెల్లదంటే మళ్ళీ ఎవడు తిరుగుతాడు?"

చాపలు విప్పారు. బియ్యం కుండ బోర్లించారు. ఆవకాయ జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికారు. "అటక చూశారా?" అని దాలయ్యే నిచ్చెన తెచ్చి వేశాడు. ఎంత మంచివాడో అనుకుంటూ ఎక్కి చూశారు. అక్కడా లేదు.

పోలినాయుడు నెట్టినప్పుడే గేదె పలుపు ఊడింది. ముగ్గురూ ఇంటికి తిరిగొస్తుంటే అది పైడమ్మ వెనకాలే నడిచొచ్చి తన కుడితి తొట్టి దగ్గర నిలబడింది. జోగినాయుడు సంబరంతో దాని మెడ కావలించుకున్నాడు. పోలినాయుడు మాత్రం తల పట్టుకుని కూలబడ్డాడు.

"కొంప ముంచింది కదరా. ఇది ఇక్కడ దొరికితే ఏం లాభం? కాగితంలో దాలయ్య ఇల్లని ఉంది."

జోగినాయుడికి ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు కనపడలేదు.

మర్నాడు ముగ్గురూ కోర్టులో ముందు వరుసలో నిలబడ్డారు.

"అయ్యా, గేదె దాలయ్య ఇంట్లోనే ఉంది. వాకిట్లో కాదు, నట్టింట్లో," అన్నాడు పోలినాయుడు.

"అంత ఖాయంగా ఎలా చెబుతున్నావు? మళ్ళీ పెంకు తీశారా?"

"అయ్యో, లేదండి. ఈసారి కాగితం చూపించి, గుమ్మంలోంచే వెళ్ళి, మేమే కట్టేసి వచ్చాం."

జడ్జిగారు కలం కింద పెట్టేశాడు.

"కుడితి కూడా పెట్టొచ్చానండి," అంది పైడమ్మ.